కంటికి కనబడని తీగ

అమెరికాలో ఇల్లు కొనుక్కునే తెలుగువారికి మొదటిసారి ఎదురయ్యే కొత్త మాటలలో ‘క్రాల్ స్పేస్’ ఒకటి. జార్జియా, కరొలైనా రాష్ట్రాలలోనూ, సియాటిల్ ప్రాంతంలోనూ చాలా ఇళ్ళను నేలకు ఆనించి కట్టరు. రెండు మూడు అడుగుల పునాది గోడల మీద కర్ర దూలాలు పేర్చి, ఆ దూలాల మీద ఇంటి నేలను పరుస్తారు. ఆ నేలకూ అడుగున ఉన్న మట్టికీ నడుమ మిగిలిన జాగాయే క్రాల్ స్పేస్. అందులో మనిషి నిలబడలేడు, కూర్చోవడం కూడా కష్టమే, పాకి వెళ్ళవలసిందే. నీటి గొట్టాలు, గాలి గొట్టాలు, విద్యుత్తు కేబుళ్ళు ఆ చీకట్లోనే పోతుంటాయి. డల్లాస్ వైపు ఇళ్ళు ఎక్కువగా కాంక్రీటు పలక మీద లేస్తాయి కనుక అక్కడివారికి ఈ మాటతో పని తక్కువ.

ఆ పాకుడు జాగాలో తీగ ఎలా పోవాలో అమెరికా విద్యుత్ నియమావళి అంగుళాల లెక్కన చెబుతుంది. లావైన కేబులైతే దూలాల అడుగు అంచుకు నేరుగా బిగించవచ్చు. సన్నదైతే అలా వీలులేదు. దూలాలకు రంధ్రాలు తొలిచి వాటిగుండా పోనివ్వాలి, లేదా చెక్కపట్టీ కొట్టి దాని మీద పరచాలి. రంధ్రం దూలపు అంచుకు ఒకటింబావు అంగుళం కన్న దగ్గరగా ఉండరాదు. ఉంటే మేకు దిగకుండా ఉక్కు రేకు అడ్డం పెట్టాలి. ప్రతి నాలుగున్నర అడుగులకు కేబులును పట్టి బిగించాలి. అతుకు పడినచోట పెట్టె ఉండాలి, ఆ పెట్టె దగ్గరకు మనిషి ఎప్పటికైనా చేరగలగాలి.

ఇంత చాదస్తమెందుకని అనిపించవచ్చు. ఏడాదికి ఒకసారి కూడా మనిషి అడుగుపెట్టని చోటికి ఇన్ని నియమాలా? నిజానికి మనిషి అడుగుపెట్టడు కాబట్టే ఇన్ని నియమాలు. కళ్ళెదుట గోడ మీద తీగ నల్లబడితే ఎవరో ఒకరు చూస్తారు. చీకట్లో తీగ నల్లబడితే చూసే దిక్కు ఉండదు. చూసేవాడు లేని చోట చూపుకు బదులుగా నిలబడవలసింది నియమమే.

బోధన్ నుండి బాన్సువాడ పోయే దారిలో ఉన్న కోటగిరిలో క్రాల్ స్పేస్ ఉన్న ఇల్లు కనబడదు. కాని చూపు చేరని చోటు లేని ఇల్లు కూడా కనబడదు. పాత పెంకుటింట్లో అది అటక. మట్టి మిద్దెలో దూలానికీ దంతెలకూ నడుమ సందు. నేటి స్లాబు ఇంట్లో గోడ లోపలి పైపు. పేరు ఏదైనా ప్రశ్న ఒక్కటే. చూపు చేరని చోట తీగను ఎలా నడిపించాలి? ఆ ప్రశ్నకు లోకం ఎప్పుడు, ఎందుకు జవాబు వెతికింది, ఆ జవాబు మంజీర ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళ దాకా ఏ మేరకు వచ్చింది అన్నది ఈ వ్యాస విషయం.

భయం నుండి పుట్టిన శాస్త్రం

విద్యుత్తు ఇళ్ళలోకి వచ్చిన తొలి రోజుల్లో జనం భయపడినది షాకుకు కాదు, నిప్పుకు. ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ కేంద్రాన్ని నడిపించిన సంవత్సరం 1882. అదే 1882లో లండన్‌లో రెండు నియమావళులు వెలువడ్డాయి. ఒకటి ఫీనిక్స్ అనే అగ్నిబీమా సంస్థది. రెండవది టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘంవారిది. విద్యుద్దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణకు అని దాని పేరులోనే ఉంది. నాలుగు పేజీల ఆ చిన్న పత్రం పెరిగి పెరిగి నేటి బ్రిటిష్ వైరింగ్ నియమావళి అయింది. మన దేశపు నియమాలకు అది పెద్దమ్మ వరుస.

అమెరికాలో కూడా దారి ఇదే. బీమా సంస్థలు ఒక్కొక్కటి ఒక్కొక్క నియమావళిని పట్టుకుని తిరిగిన రోజులు పోయి, 1897లో అందరికీ ఒకటే అయిన జాతీయ విద్యుత్ నియమావళి వచ్చింది. 1911 నుండి దానిని జాతీయ అగ్నిరక్షణ సంఘం పెంచి పోషిస్తున్నది. ఇప్పుడు మూడేళ్ళకొకసారి కొత్త ప్రతి వస్తుంది.

ఈ పుట్టుకలోనే ఒక విశేషం ఉంది. నియమాలను మొదట రాసినవారు ప్రభుత్వాలు కావు. ఇల్లు కాలితే డబ్బు కట్టవలసిన బీమా కంపెనీలు. ఎక్కడ తప్పు జరిగితే తమ పెట్టె ఖాళీ అవుతుందో అక్కడ వారు వేలు పెట్టి చూశారు. అటక మీద, నేల కింద, గోడ లోపల నిప్పు ఎలా పుడుతుందో కాలిన ఇళ్ళు తవ్వి తెలుసుకున్నారు. నియమావళిలో ఒక్కొక్క వాక్యం వెనుక ఎక్కడో ఒక బూడిద కుప్ప ఉంటుంది. మన ఊళ్ళలో ఇల్లు కాలితే డబ్బు కట్టవలసిన కంపెనీ ఏదీ లేదు. బూడిద ఉంది కాని దానిని తవ్వి చూసినవారు లేరు. మనకు నియమాలు తయారై పైనుండి వచ్చాయి. అనుభవం నుండి పుట్టిన నియమానికీ, చదువుకున్న నియమానికీ ఉండే తేడా మన కథంతటా కనిపిస్తుంది.

నీరు, చెరకు, వెలుగు

నిజాం రాజ్యంలో విద్యుత్తు ముందుగా రాజధానిది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920 ప్రాంతంలో నెలకొల్పిన బొగ్గు విద్యుత్కేంద్రం హైదరాబాదుకు దశాబ్దాల పాటు వెలుగునిచ్చింది. జిల్లాలలో దీపం అంటే చాలాకాలం కిరోసిన్ బుడ్డే.

నిజామాబాద్ ప్రాంతపు తలరాతను మార్చింది నీరు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. రెండు లక్షల ఎకరాలకు పైగా నీరు పారించేందుకు కాలువలు తవ్వారు. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ నేలలు వరికీ చెరకుకూ మళ్ళాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారి ఊళ్ళ పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట ఈనాటికీ నిలిచి ఉంది. చెరకు ఉంటే గానుగ ఉండాలి కదా! 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది.

చక్కెర కర్మాగారానికి విద్యుత్తు బయటినుండి రానక్కరలేదు. చెరకు పిండగా మిగిలిన పిప్పిని బాయిలరులో వేస్తే ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి పానకాన్ని మరిగిస్తుంది, యంత్రాన్ని తిప్పి కరెంటునూ ఇస్తుంది. ఇనుప పైపుల్లో తీగలు, ఎర్తింగు పట్టీలు, తనిఖీ పుస్తకాలు, ఫోర్‌మన్ కేకలు ఇటువంటి కర్మాగారాల విద్యుత్తుకు సహజమైన పరిసరాలు. ఫ్యాక్టరీల చట్టం ఉన్నది, ఇనస్పెక్టరు వస్తాడు. అంటే విద్యుత్తు మన ప్రాంతంలోకి క్రమశిక్షణతోనే అడుగుపెట్టిందన్నమాట. ఆ క్రమశిక్షణ ఫ్యాక్టరీ గేటు దాటి పల్లెలోకి రావడమే కష్టమైంది.

1950లలో నిజాంసాగర్ ఆనకట్ట దగ్గర ఒక్కొక్కటి 5 మెగావాట్ల యంత్రాలతో జలవిద్యుత్కేంద్రం మొదలయింది. కాలువలో నీటిని పారించిన నదే తీగలో కరెంటునూ పారించింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి నిజామాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది.

1956 నాటి గ్రంథం

రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరణ పొందిన ఆ 1956లోనే భారత విద్యుత్ నియమాలు వచ్చాయి. 1910 నాటి చట్టం కింద రూపొందిన ఈ నియమాలు అర్ధశతాబ్దం పైగా దేశమంతటా చెల్లాయి. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చాక, 2010లోనూ ఆ పైన 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు వాటి స్థానాన్ని తీసుకున్నాయి. అయినా పాత మిస్త్రీల నోట ‘రూలు’ అంటే 1956 రూలే.

ఆ గ్రంథాన్ని నేడు తిరగేస్తే అది ఎంత ముందుచూపుతో రాసినదో తెలుస్తుంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి మార్చుకోవడం తప్ప ఇంటి వైరింగు పని ఏదైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలనీ, యోగ్యతాపత్రం ఉన్న పర్యవేక్షకుడు దగ్గరుండి చేయించాలనీ 45వ నియమం. ఇచ్చిన కనెక్షనును అయిదేళ్ళకు మించని వ్యవధిలో మళ్ళీ మళ్ళీ పరీక్షించాలని 46వ నియమం. కనెక్షను ఇచ్చే ముందు తీగల పైతొడుగు నుండి కరెంటు కారుతున్నదేమో చూడాలని 48వ నియమం. మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి కొలిస్తే ఒక మెగోమ్ అయినా నిరోధం చూపాలి. న్యూట్రల్ తీగకు ఫ్యూజు పెట్టరాదని 32వ నియమం. ప్రతి ఇంటికీ ఎర్తు కోసం ఒక మొన సరఫరాదారే ఏర్పాటు చేయాలని 33వ నియమం. షాకు తగిలిన మనిషిని ఎలా బ్రతికించుకోవాలో తెలిపే పటాన్ని ఇంగ్లీషు లేక హిందీలోనూ, ఆ జిల్లా భాషలోనూ గోడకు తగిలించాలని 44వ నియమం.

ఈ చివరి నియమం దగ్గర కాస్త ఆగాలి. మనిషి పడిపోయాక ఏం చేయాలో చెప్పేందుకు తెలుగు కావలసి వచ్చింది. మనిషి పడిపోకుండా ఏం చేయాలో చెప్పే నియమాలకు మాత్రం తెలుగు చాలాకాలం కావలసి రాలేదు.

ఇంట్లో తీగను ఎలా నడపాలన్న వివరాలను భారత ప్రమాణాల సంస్థ తన 732వ సంఖ్య గల ప్రమాణంలో చెప్పింది. 1985లో జాతీయ విద్యుత్ నియమావళి అనే సంకలనం మొదటిసారి వచ్చింది. 2011లోనూ 2023లోనూ దానిని సవరించారు. అమెరికా గ్రంథానికీ దీనికీ పేరు ఒకటే. పుట్టుక మాత్రం వేరు.

పట్టీ మీది తీగ

ఇప్పుడు ఇంట్లోకి వెళదాం. పాతకాలపు వైరింగు పద్ధతులన్నింటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. అవి కంటికి కనబడేవి.

మొదటిది పింగాణీ క్లీట్ల పద్ధతి. రెండు పింగాణీ ముక్కల నడుమ తీగను బిగించి గోడ వెంట, దూలం వెంట పోనిచ్చేవారు. తీగకూ తీగకూ నడుమ అంగుళం ఎడమ, క్లీటుకూ క్లీటుకూ నడుమ రెండడుగులకు మించని దూరం. అమెరికాలో దీని జ్ఞాతి పింగాణీ గుబ్బలూ గొట్టాల పద్ధతి. అక్కడి పాత ఇళ్ళ పాకుడు జాగాలలో నేటికీ బయటపడుతూ ఉంటుంది. రెండవది టేకు కేసింగు. రెండు గాళ్ళు తీసిన చెక్కలో ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క తీగను పడుకోబెట్టి పైన చెక్కమూత బిగించడం. దీనిని గోడ సున్నం లోపల పూడ్చరాదు, చెమ్మ ఉన్నచోట వాడరాదు. మూడవది, మనందరి చిన్ననాటి ఇళ్ళలో ఉన్నది, టేకు పట్టీ వైరింగు. గోడకు పట్టీ కొట్టి, దాని మీద రబ్బరు తొడుగు తీగను పరచి, మెరిసే సన్నని లోహపు క్లిప్పులతో బిగించేవారు. అడ్డంగా పోయే తీగకు 10 సెంటీమీటర్లకొక క్లిప్పు, నిలువుగా దిగే తీగకు 15 సెంటీమీటర్లకొకటి. నేల నుండి మీటరున్నర ఎత్తు దాకా దిగే తీగకు దెబ్బ తగలకుండా పైతొడుగు.

ఉత్తర తెలంగాణ అడవులలో టేకుకు కొదవ లేదు. వడ్రంగి చేతి పని, మిస్త్రీ చేతి పని ఈ పట్టీ దగ్గర కలిశాయి. గీత గీసినట్టు సూటిగా పోయిన పట్టీ, ఒకే ఎడంగా వరుసలో నిలిచిన క్లిప్పులు ఆ ఇంటి మిస్త్రీ సంతకం. అతుకు అనేది స్విచ్చు పెట్టెలోనో సీలింగు రోజులోనో తప్ప నడుమ ఎక్కడా పడకూడదు. ఈ పద్ధతికి ‘లూపింగు’ అని పేరు. తీగ ఒక పాయింటు నుండి ఇంకొక పాయింటుకు అతుకు లేకుండా పోయి, పాయింటు దగ్గరే ముడిపడుతుంది. అమెరికా వాడు ‘పెట్టె చేరగలిగేలా ఉండాలి’ అన్న మాటనే మనవాడు ‘నడుమ అతుకు వద్దు’ అన్నాడు. రెండింటి తాత్పర్యమూ ఒకటే. తీగ మొత్తంలో బలహీనమైనది అతుకు, దాన్ని దాచకు.

ఈ మిస్త్రీల భాష కూడా ఒక చరిత్రే. తీగ లావును వారు ‘మూడు ఇరవై రెండు’ అనీ, ‘ఏడు ఇరవై’ అనీ అంటారు. ఇరవై రెండో గేజి పోగులు మూడు, ఇరవయ్యో గేజి పోగులు ఏడు అని అర్థం. చదరపు మిల్లీమీటర్ల లెక్క వచ్చి దశాబ్దాలయినా కొట్టు మీద పాత మాట వినిపిస్తూనే ఉంటుంది. పల్లెలో బల్బు ‘బుగ్గ’ అయింది. గ్రంథం ఇంగ్లీషులో ఉండిపోయినా పని తెలుగులోనూ ఉర్దూలోనూ సాగింది. గురువు చేతి నుండి శిష్యుడి చేతికి అందింది. చేతికి అందినంత మేరకే నియమం బ్రతికింది.

మోటరు ముందు, ఇల్లు తరువాత

పల్లెకు కరెంటు వచ్చింది ఇంటి కోసం కాదు, బావి కోసం. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక పంపుసెట్ల కనెక్షన్లు ఊపందుకున్నాయి. కాలువ నీరు చివరి ఎకరాలకు అందనప్పుడు చెరకును, వరిని కాపాడింది మోటరే. రైతుకు విద్యుత్తుతో మొదటి పరిచయం పొలం గట్టు మీది స్టార్టరు పెట్టె దగ్గర జరిగింది. రాత్రిపూట చీకట్లో, తడికాళ్ళతో.

ఇంటి కనెక్షను ఆ వెనుక వచ్చింది. నిరుపేద ఇళ్ళకు ఒక్క దీపం ఇచ్చే కుటీరజ్యోతి పథకం 1988–89లో మొదలయింది. ఆపైన 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన, 2017లో సౌభాగ్య. చీకటిని తరిమిన ఘనత వీటిది. దానిని తక్కువ చేయనక్కరలేదు. బీడీలు చుట్టే ఆడవారికి ఒక్క బుగ్గ వెలుగు అంటే రోజులో ఇంకా కొన్ని గంటల పని, పిల్లలకు ఇంకా కొంత చదువు. కాని ఒక్క బుగ్గకు సరిపడా వేసిన తీగ మీదే కొంతకాలానికి ఫ్యాను చేరింది, టీవీ చేరింది, కూలరు చేరింది, హీటరు చేరింది. దీపాలు, ఫ్యాన్లు కలిపి ఒక సర్క్యూటు మీద 10 పాయింట్లకూ 800 వాట్లకూ మించరాదని మన ప్రమాణం చెప్పింది. ఆ మాట తెలిసినవాడు ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. అయిదేళ్ళకొకసారి పరీక్షించాలన్న 46వ నియమం పల్లె ఇళ్ళ గడప తొక్కిన దాఖలాలు అరుదు.

తీగలో లోహం కూడా నడుమ మారింది. రాగి కరవైన 1960–70 దశకాలలో ఇళ్ళ వైరింగులోకి అల్యూమినియం విరివిగా వచ్చింది. అల్యూమినియం వేడికి రాగి కంటె ఎక్కువగా సాగుతుంది, స్క్రూ కింద నలిగి జారుతుంది, గాలి తగిలితే పైన పొర కడుతుంది. అతుకు వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. అమెరికాలో కూడా 1965 నుండి 1973 దాకా ఇదే ముచ్చట, ఇదే పశ్చాత్తాపం. అక్కడ వినియోగదారుల భద్రతా సంఘం ఆ ఇళ్ళను లెక్కపెట్టి, పరీక్షించి, హెచ్చరిక వెలువరించింది. ఇక్కడ స్క్రూ బిగించే మిస్త్రీయే హెచ్చరిక, మిస్త్రీయే నివారణ.

గోడలోకి పోయిన తీగ

మట్టి మిద్దెలు, పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాయి. టేకు ఖరీదైంది. ప్లాస్టిక్ పైపు చవకైంది. స్లాబు పోయకముందే ఇనుప చువ్వల నడుమ పైపులు పరచి, గోడకు గాడి కొట్టి, అందులో పైపు పెట్టి సిమెంటు పూయడం అలవాటైంది. గోడ నున్నగా ఉంటుంది, కంటికి ఇంపుగా ఉంటుంది. పద్ధతిగా చేస్తే ఇది పట్టీ వైరింగు కంటె ఎన్నో విధాల మేలైనదే.

కాని ఈ మార్పుతో మన ఇళ్ళకు కూడా ఒక పాకుడు జాగా ఏర్పడింది. పైపు లోపల ఏముందో మిస్త్రీకి తప్ప తెలియదు. కొన్నాళ్ళకు ఆయనకూ గుర్తుండదు. తీగ ముక్క చాలకపోతే పైపు నడుమ అతుకు వేసి టేపు చుట్టినా ఎవరికీ కనబడదు. మూడు తీగలు పోవలసిన చోట రెండే పోయినా కనబడదు. గోడ మీద మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది. పై రంధ్రం వెనుక ఆకుపచ్చ తీగ ఉందా లేదా అన్నది మూత విప్పితేగాని తెలియదు. మూడు రంధ్రాలున్నాయి కాబట్టి ఎర్తు ఉందని ఇంటివారు నమ్ముతారు. ఆ నమ్మకమే ప్రమాదం.

రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. మన పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం తీగలు ఫేజులు; నలుపు న్యూట్రల్; ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నలుపు కరెంటున్న తీగ, తెలుపు న్యూట్రల్. ఇక్కడ నిర్భయంగా చూసే నల్లతీగ అక్కడ ప్రాణం తీస్తుంది. నిజామాబాదులో పని నేర్చినవాడు అట్లాంటాలో తన ఇంటి కిందికి పాకే ముందు తెలుసుకోవలసిన మొదటి పాఠం ఇది.

దండెం తీగ లెక్క

2022 జూలైలో కామారెడ్డి పట్టణంలో ఒకే కుటుంబంలో నలుగురు విద్యుదాఘాతంతో చనిపోయారు. అందులో ఇద్దరు పిల్లలు. కారణం బట్టలారవేసే ఇనుపతీగ. వానాకాలంలో ఇటువంటి వార్త తెలంగాణలో ఏదో ఒక మూల నుండి వస్తూనే ఉంటుంది. ఒకరికి షాకు తగులుతుంది, విడిపించబోయిన రెండవవారు పట్టుకుంటారు, వారిని విడిపించబోయిన మూడవవారు. దేశమంతటా విద్యుదాఘాతంతో ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి.

దండెం తీగలోకి కరెంటు ఎలా వస్తుంది? స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు తీగ తన బరువును తాను మోయలేదు కనుక ఒక ఇనుపతీగకు చుట్టి లాగుతారు. ఎండకూ గాలికీ రాపిడికీ ప్లాస్టిక్ తొడుగు చిరుగుతుంది. ఇనుపతీగకు కరెంటు అంటుతుంది. అది రేకుల కప్పుకు, కప్పు నుండి దండేనికి. ఇందులో ప్రతి అంగుళమూ ఆరుబయటే ఉంది, కళ్ళెదుటే ఉంది. చూసీ చూడని చోటు కూడా చీకటిదే.

‘ఫ్యూజు ఉంది కదా, అది ఎగిరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. మన ఇంటి వోల్టేజి 230. మనిషి శరీరపు నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే అతనిగుండా పోయే కరెంటు 0.23 ఆంపియర్లు. ఇంట్లో ఉన్న ఫ్యూజు 5 ఆంపియర్లది. మనిషి చనిపోతాడు, ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. ఒకవేళ ఎర్తు గుంత ఉన్నా, నీరు పోయక ఎండిపోయి దాని నిరోధం 50 ఓమ్‌లు ఉంటే పోయే కరెంటు 4.6 ఆంపియర్లు. అప్పుడూ ఫ్యూజు కదలదు. ఫ్యూజు తీగను కాపాడడానికి పుట్టింది. మనిషిని కాపాడడానికి కాదు. బీమా కంపెనీలు నిప్పుకు భయపడి కనిపెట్టుకున్న కాపలా అది.

మనిషి కోసం కాపలా రావడానికి ఇంకా ఎనభై ఏళ్ళు పట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు ఎంత కరెంటు తగిలితే మనిషి తీగను వదలలేడో, ఎంత తగిలితే గుండె లయ తప్పుతుందో ఏళ్ళ తరబడి కొలిచాడు. ఆ పరిశోధన ఫలితంగా 1961లో భూలీకేజిని పసిగట్టి కత్తిరించే పరికరం రూపు దిద్దుకుంది. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానం కాకపోతే నడుమ ఎవరో ఉన్నారని దానికి అర్థం. రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మన ఇళ్ళలో వాడే పరికరం 30 మిల్లీ ఆంపియర్లకే, అంటే పై లెక్కలోని మనిషికి తగిలిన కరెంటులో దాదాపు ఎనిమిదోవంతుకే మేలుకుంటుంది. అమెరికా నియమావళి దీనిని మొదట ఈతకొలనులకు, తరువాత స్నానాల గదులకు, వంటగదులకు విస్తరించి, 1990 ప్రతిలో క్రాల్ స్పేస్‌లోని ప్లగ్గులకూ తప్పనిసరి చేసింది. తడిమట్టి మీద బోర్లా పాకుతున్న మనిషి కంటె ఎర్తుకు దగ్గరైనవాడు ఎవరున్నారు?

మన 1956 నియమాలలో కూడా తరువాతి కాలంలో 61ఎ అనే నియమాన్ని చేర్చారు. 5 కిలోవాట్లు, ఆపై లోడు ఉన్న కనెక్షన్లకు ఈ పరికరం ఉండాలని దాని సారాంశం. ఆ గీత ఎవరిని లోపల పెట్టింది, ఎవరిని బయట వదిలింది? బంగళా లోపల, రేకుల ఇల్లు బయట. రెండు బుగ్గలు, ఒక ఫ్యాను ఉన్న ఇంటి లోడు 5 కిలోవాట్ల దరిదాపులకు కూడా రాదు. కాని దండేనికి కరెంటు వచ్చేది ఆ ఇంట్లోనే. లోడును బట్టి ప్రమాదాన్ని కొలిచిన నియమం ఇంటి ఖరీదును కొలిచిందే గాని ఇంటి తడిని కొలవలేదు.

ఎవరి భాషలో నియమం?

ఈ చరిత్రనంతా దగ్గర పెట్టి చూస్తే మన దగ్గర నియమాలు తక్కువని ఎవరూ అనలేరు. లండన్‌కూ న్యూయార్కుకూ తీసిపోని నియమాలు మనకు 1956 నుండీ ఉన్నాయి. కొరవడినది రెండు. ఒకటి, తప్పు జరిగితే నష్టపోయి దాని కారణం వెతికే మూడవ మనిషి. అమెరికాలో ఇల్లు అమ్మాలన్నా, అప్పు తీసుకోవాలన్నా, బీమా కట్టాలన్నా తనిఖీదారు ఒకడు టార్చిలైటు పట్టుకుని ఆ పాకుడు జాగాలోకి పోతాడు. అతడి కోసమే ఆ నియమాలన్నీ. మన ఊళ్ళో కనెక్షను ఇచ్చిన రోజు తరువాత ఆ ఇంటి తీగను చూడవలసినవాడు ఎవడూ లేడు. 2000 ఏప్రిల్‌లో బోర్డు వారసత్వం ఉత్తర మండల పంపిణీ సంస్థకు వచ్చింది. రాష్ట్రం మారింది, సంస్థ పేరులోని అక్షరాలు మారాయి. 2018 జనవరి నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా వాడే అర్హులైన ఇళ్ళకు బిల్లే లేకుండా పోయింది. ఇవన్నీ మీటరు దాకా జరిగిన మార్పులు. మీటరు దాటాక ఇల్లు ఇంటివారిదే, తీగ ఇంటివారిదే, చావూ ఇంటివారిదే.

రెండవది భాష. 732వ ప్రమాణంలోని నాలుగు మాటలు, ‘అతుకు దాచకు, ఎర్తు తెంచకు, పాయింట్లు మించకు, తడిచోట కాపలా పెట్టు’ అన్నవి తెలుగులో ప్రతి సిమెంటు కొట్టు దగ్గరా ఉండి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలిచి ఉండేవో! పనివాడు చదవలేని భాషలో ఉన్న నియమం అతని తప్పు నిరూపించడానికి పనికివస్తుందే గాని అతనికి దారి చూపడానికి కాదు.

ఎర్తు గుంతకు వేసవిలో బిందెడు నీళ్ళు పోయడానికి లైసెన్సు అక్కరలేదు. ఇనుపతీగ దండెం తీసి నైలాను తాడు కట్టడానికి ఇంజనీరు అక్కరలేదు. మూడు రంధ్రాల ప్లగ్గు మూత మిస్త్రీ చేత ఒకసారి విప్పించి వెనుక ఆకుపచ్చ తీగ ఉందో లేదో చూపించమనడం ఇంటి యజమాని హక్కు. వేలు, రెండు వేల రూపాయలతో వచ్చే లీకేజి బ్రేకరు, లక్షలు పెట్టి వేసిన టైల్స్ కంటె ఆ ఇంటికి ఎక్కువ అవసరం. నియమం రాసినవారు కోరినది కూడా ఇంతే. చూపు చేరని చోటికి ఎప్పుడో ఒకప్పుడు చూపు చేరాలి. అటక మీదికి ఎక్కి చూడాలి, కప్పు మీదికి వెళ్ళి సర్వీసు తీగను చూడాలి, అదీ వానలు పడకముందే.